దాళ్వా కోతలయ్యాక, పైరగాలి లేవకముందు

కొత్త ఆర్‌సీ విమానాన్ని, అంటే రేడియో రిమోట్‌తో నడిపే చిన్న విమానాన్ని, తొలిసారి ఎగరేయడానికి గోదావరి డెల్టాలో ఏడాది మొత్తానికి నికరమైన అదను ఒక్కటే. దాళ్వా కోతలై, కాలువలు కట్టేసి, చేలు నెర్రెలు విచ్చే రోజులు మొదలుకొని మళ్లీ కాలువకు నీళ్లు వదిలి ఆకుమళ్లు దున్నేదాకా. సార్వా కోతకీ దాళ్వా ఊడ్పులకీ మధ్య కూడా కొన్నాళ్లు చేలు ఖాళీగా కనిపిస్తాయి గానీ అప్పుడు నేల మెత్తన, పొద్దున్నే మంచు, పైగా సంక్రాంతి గాలిపటాల దారాలు. వేసవే నయం. పొద్దున 6 నుంచి 7.30 మధ్య కొబ్బరాకు కూడా కదలని రోజులు దొరుకుతాయి. ఎండ ముదిరాక సముద్రం మీంచి పైరగాలి లేస్తుంది, ఇక సాయంత్రం దాకా ఆగదు. హాయిగా ఉండే గాలే, మెయిడెన్‌కి, అంటే ఆ తొలి ఎగురుడుకి, మాత్రం పనికిరాదు.

అంటే చేతిలో ఉండేది గంటన్నర. ఆ గంటన్నరలో చేలో కూర్చుని స్క్రూలు బిగించుకునే పని పెట్టుకోకూడదు. మెయిడెన్‌లో విరిగే విమానం సాధారణంగా ఇంటి దగ్గర టేబుల్ మీదే విరిగిపోయి ఉంటుంది, చేలోకి వెళ్లాక మనం దాన్ని చూస్తాం, అంతే. అందుకే ఇక్కడ టేబుల్ గురించే ఎక్కువ.

లెక్కలన్నీ ఒక మామూలు ఫోమ్ ట్రైనర్‌ని (నేర్చుకునేవాళ్ల విమానం) దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. బాడీ మీద కూర్చునే రెక్క, దాని పొడవు 120 సెం.మీ., వెడల్పు 20 సెం.మీ. బ్యాటరీతో కలిపి బరువు కిలో. 2212 సైజు 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి అన్ని చుట్లు) మోటరు, దాని వేగాన్ని నియంత్రించే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, 10×4.5 ప్రాప్ (ముక్కున తిరిగే పంకా), 3ఎస్ (మూడు సెల్స్) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, కదిలే భాగాలను తిప్పే నాలుగు 9 గ్రాముల సర్వోలు. మీది వేరే సైజైతే అంకెలు మారతాయి, వరస మారదు.

అన్నిటికంటే ముందు సీజీ, అంటే విమానం ముందుకీ వెనక్కీ వాలకుండా తూగే చోటు. రెక్క ముందంచు నుంచి వెనక్కి కొలిస్తే, వెడల్పులో 25 నుంచి 33 శాతం మధ్యలో విమానం తూగాలి. 20 సెం.మీ. రెక్కకి అది 5 నుంచి 6.6 సెం.మీ. తొలిసారికి 5.5 దగ్గర పెట్టండి. రెక్క అడుగున బాడీకి రెండు పక్కలా 5.5 దగ్గర పెన్నుతో గీత గీయండి. చెక్కముక్కలో రెండు పెన్సిళ్లు రబ్బరు పైకి వచ్చేలా నిలబెట్టి, గీతలు సరిగ్గా రబ్బర్ల మీదికి వచ్చేలా విమానాన్ని దించండి. వేళ్ల మీద ఎత్తినా తెలుస్తుంది గానీ, వేలు వణికితే 5 మి.మీ. తేడా అక్కడే వచ్చేస్తుంది. పైన తిరిగే ఫ్యాను కట్టేయండి. బ్యాటరీ, ప్రాప్, స్పిన్నర్ (ప్రాప్ ముందుండే టోపీ), రెక్క బిగించే రబ్బరు బ్యాండ్లు, అన్నీ పెట్టి తూచాలి. ముక్కు రవ్వంత కిందికి వాలి ఆగితే సరిపోయినట్టు. తోక వాలిందా, ఆ రోజుకి ఎగరేయడం లేదు.

తోక బరువెక్కితే ఏమవుతుందో తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. ఎలివేటర్ (ముక్కుని లేపీ దించే తోక పలక) స్టిక్ గోరంత కదిపితే ముక్కు మూరెడు లేస్తుంది. దించుదామని తోస్తే అంతకు రెట్టింపు దిగుతుంది. మీరు సర్దుతున్న కొద్దీ ఊగుడు పెరుగుతుంది, వేగం పడిపోతుంది, ఒక రెక్క జారి కిందికి తిరుగుతూ వస్తుంది. ముక్కు బరువెక్కితే ఇంత గొడవ ఉండదు. కాస్త బద్ధకంగా ఎగురుతుంది, దిగేటప్పుడు కొంచెం వేగంగా వస్తుంది.

తోక వాలితే ముందు బ్యాటరీని ముక్కులోకి జరపండి. అదీ చాలకపోతే బరువు పెట్టాలి. వలకు కట్టే సీసం గుళ్లు దీనికి బంగారంలాంటివి, వలలు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతాయి. మోటరు వెనక గోడకి అతికించి పైన టేపు చుట్టండి, గాల్లో ఊడిరాకూడదు. ఒక లెక్క గుర్తుపెట్టుకోండి: తోక సీజీకి 60 సెం.మీ. వెనక, ముక్కు 25 సెం.మీ. ముందు ఉంటే, తోకలో ఎక్కువైన 10 గ్రాముల జిగురుకి ముక్కులో 24 గ్రాములు పెట్టాల్సి వస్తుంది. తోక అతికించేటప్పుడు గ్లూ గన్ ధారాళంగా నొక్కేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుంటే మంచిది. తూకం కుదిరాక బ్యాటరీ ఎక్కడుందో లోపల గీత గీసి, వెల్‌క్రోతో పాటు పట్టీ కూడా వేయండి. మెయిడెన్ మధ్యలో బ్యాటరీ వెనక్కి జారితే ఈ తూకమంతా గంగపాలు.

జిగురు మాట వచ్చింది కాబట్టి. థర్మోకోల్, డెప్రాన్ షీట్లను మామూలు ఫెవిక్విక్ తినేస్తుంది, గుంట పడిపోతుంది. వాటికి ఫోమ్‌కి పనికొచ్చే రకమే వాడాలి. గ్లూ గన్ జిగురుకి మన ఎండతో పేచీ. మే నెలలో అద్దాలు మూసిన కారులో విమానం పెట్టి టిఫినుకి వెళ్లొస్తే హార్న్ (కదిలే పలకకి కడ్డీ తగిలించే చిన్న కొమ్ము) కింద జిగురు మెత్తబడుతుంది, ఫోమ్ రెక్క మెలి తిరుగుతుంది, లైపో ఉబ్బుతుంది. మోటరు మౌంటు, ఎలివేటర్ హార్న్, ఈ రెండు చోట్లా గ్లూ గన్‌ని నమ్మొద్దు, ఎపాక్సీ వేయండి. హార్న్‌కి వెనక పలక పెట్టి స్క్రూలు వేస్తే ఇంకా మంచిది.

రెక్కను వెనక నుంచి కంటికి సమంగా పట్టుకుని చూడండి. రెండు కొసల్లో ఒకదాని వెనకంచు పైకీ ఒకదానిది కిందికీ ఉంటే మెలి పడ్డట్టే. దాన్ని ట్రిమ్‌తో (స్టిక్ మధ్యస్థానాన్ని కొద్దికొద్దిగా జరిపే మీట) సర్దితే ఒక వేగానికే సరిపోతుంది, వేగం మారగానే మళ్లీ వాలుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చజేసి, వ్యతిరేకంగా తిప్పి, చల్లారేదాకా పట్టుకుంటే సరవుతుంది. రెక్క బిగించే రబ్బరు బ్యాండ్లు కొత్తవి, కనీసం ఎనిమిది. చివరి రెండూ అడ్డంగా ఇంటూ గుర్తులా వేయాలి. నిరుటివి పనికిరావు, లాగి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి.

ఇప్పుడు కదిలే భాగాలు. ప్రాప్ విప్పేసి పక్కన పెట్టి, అప్పుడు బ్యాటరీ తగిలించండి. ఇంట్లో కరెంటు ఉన్న విమానానికి ప్రాప్ ఉండకూడదు, దీనికి మినహాయింపుల్లేవు. 10 అంగుళాల ప్రాప్ వేలిని ఎముక దాకా కోస్తుంది, ఈఎస్‌సీ ఎందుకు బీప్ కొట్టకుండానే మోటరు తిప్పిందో తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవాల్సి వస్తుంది. ముందు రేడియో (చేతిలోని రిమోట్) ఆన్, తర్వాత విమానం. ఆపేటప్పుడు ముందు విమానం, తర్వాత రేడియో.

విమానం వెనక నిలబడి దిశలు చూడండి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. ఎలివేటర్ స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి. రడ్డర్ (నిలువు తోక మీద కదిలే పలక) స్టిక్ కుడికి తోస్తే రడ్డర్ వెనకంచు కుడికి. చదవడానికి పిల్లల పాఠంలా ఉంటుంది గానీ, తిరగబడ్డ ఎయిలరాన్‌తో గాల్లోకి వెళ్లిన విమానాలకి లెక్కే లేదు. కంటికి ‘కదులుతోంది’ అనే కనిపిస్తుంది, ఎటు కదులుతోందో మనసు పట్టించుకోదు. అందుకే నోటితో పైకి చెబుతూ చూడాలి, పక్కన ఇంకొకరు వినాలి.

కదలిక కొలతలు: ఎలివేటర్ పైకీ కిందికీ 10 మి.మీ., ఎయిలరాన్ పైకి 10, కిందికి 8, రడ్డర్ అటూ ఇటూ 20. ఎక్స్‌పో, అంటే స్టిక్ మధ్యలో కదలికను మెత్తబరిచే సెట్టింగు, 30 శాతం. కొన్ని రేడియోల్లో ప్లస్ 30 పెడితే మధ్యలో మెత్తబడుతుంది, కొన్నింటిలో మైనస్ 30 పెట్టాలి. తప్పుగా పెడితే మధ్యలో ఇంకా చురుగ్గా అవుతుంది, కాబట్టి స్టిక్ సగం తోసి చూసి నిర్ధారించుకోండి. తర్వాత ఎలివేటర్‌ని వేలితో అదిమిపట్టి స్టిక్ తోయండి. సర్వో నుంచి వచ్చే పొడుగాటి పుష్‌రాడ్ (తోసే కడ్డీ) విల్లులా వంగుతుంటే మధ్యలో ఒకచోట గొట్టం ముక్క వేసి బాడీకి అతికించాలి. లేదంటే నేల మీద బాగానే కదిలిన ఎలివేటర్, వేగంగా డైవ్ అవుతున్నప్పుడు గాలి ఒత్తిడికి కదలదు. సర్వో చెయ్యికి మధ్య స్క్రూ ఉందో లేదో కూడా చూడండి. సెంటర్ చేసి, ఆ స్క్రూ వేయడం మరిచిపోవడం అందరూ చేసే పనే.

ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటరు దానంతటదే ఆగే ఏర్పాటు: ప్రాప్ లేకుండానే త్రాటిల్ (మోటరు వేగం స్టిక్) సగం పెట్టి రేడియో ఆపేయండి. ఒకటి రెండు సెకన్లలో మోటరు ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే రిసీవర్‌కి (విమానంలో రేడియో సిగ్నల్ అందుకునే పెట్టె) ఫెయిల్‌సేఫ్ మళ్లీ సెట్ చేసేదాకా విమానం గడప దాటకూడదు. మోటరుని వెంటనే ఆపే త్రాటిల్ కట్‌ని ఒక స్విచ్‌కి పెట్టుకోండి. ఈఎస్‌సీకి త్రాటిల్ రేంజ్ నేర్పించే పని కూడా ఇప్పుడే: స్టిక్ ఫుల్‌లో పెట్టి బ్యాటరీ తగిలించి, బీప్ వినగానే పూర్తిగా కిందికి. మోటరు ఉల్టా తిరిగితే మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చండి.

రిసీవర్ యాంటెనాకి చివర్న తొడుగు లేని 31 మి.మీ. ముక్కే అసలు యాంటెనా. అది వంగకూడదు, కార్బన్ రాడ్‌కి, బ్యాటరీ తీగలకి ఆనుకోకూడదు. రెండు యాంటెనాలుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో.

బ్యాటరీ చార్జింగ్ 1సీ, అంటే 2200 ఎంఏహెచ్‌కి 2.2 ఆంపియర్లు, బ్యాలెన్స్ మోడ్‌లో. నిండితే సెల్‌కి 4.2, మొత్తం 12.6 వోల్టులు. గచ్చు నేల మీద, పక్కన ఇసుక బకెట్‌తో, మనిషి ఎదురుగా ఉండగా చేయాలి. తాటాకు పాకలో గానీ వరిగడ్డి దగ్గర గానీ వద్దు. ఉబ్బిన ప్యాక్‌ని ‘ఈ ఒక్కసారికి’ అనుకోవద్దు. ఎగరని రోజుల్లో సెల్‌కి 3.8 నుంచి 3.85 మధ్య ఉంచండి. తీరానికి దగ్గరగా, అంతర్వేది, యానాం వైపు ఉండేవాళ్లు కనెక్టర్ల మీద ఉప్పుగాలికి పట్టే పచ్చటి చిలుము కూడా చూసుకోవాలి. పట్టిన కనెక్టర్ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది, ఒక్కోసారి రిసీవరే రీస్టార్టవుతుంది.

ఇక ఆరుబయట, ప్రాప్ బిగించాక. ప్రాప్ మీద అంకెలు ముద్రించిన ముఖం ముందుకి ఉండాలి. వెనక్కి పెడితే మోటరు చప్పుడు బ్రహ్మాండంగా ఉంటుంది, లాగుడు ఉండదు, విసిరిన విమానం అలాగే నేలకి వస్తుంది. చేపల దగ్గర వాడే స్ప్రింగు కాటా తోకకి కట్టి, కాటా రెండో కొసని గుంజకి కట్టి, ఫుల్ త్రాటిల్ ఇచ్చి చూడండి. కిలో విమానానికి 600 గ్రాముల పైన లాగితే నిశ్చింత. ఈ పని చేసేటప్పుడు అందరూ విమానం వెనకే. ప్రాప్ తిరిగే వరసలో, పక్కన, ఎవరూ ఉండకూడదు. విరిగిన ముక్క ఎగిరేది ఆ పక్కకే.

రేంజ్ చెక్ చేలోనే చేయాలి. రేడియోలో రేంజ్ మోడ్ పెట్టి 30 పెద్ద అంగలు వెనక్కి నడవండి. సాయం వచ్చినవాళ్లు విమానాన్ని నడుం ఎత్తులో పట్టుకుని మెల్లగా చుట్టూ తిప్పాలి. ఒకసారి మోటరు ఆపి, ఒకసారి సగం త్రాటిల్‌లో. మోటరు తిరిగినప్పుడు మాత్రమే సర్వోలు వణికితే ఈఎస్‌సీ తీగలు రిసీవర్‌కి మరీ దగ్గరగా ఉన్నాయన్నమాట.

చోటు ఎంచుకోవడం డెల్టాలో పెద్ద పనే. వరిచేను అనుకుని బయల్దేరతాం, తీరా చూస్తే పక్క కమతం రొయ్యల చెరువై ఉంటుంది. చెరువంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు, వాటికి కరెంటు తీగలు, పిట్టలు వాలకుండా చెరువు మీద అడ్డంగా కట్టిన సన్నటి దారాలు. ఆ దారాలు 20 మీటర్ల దూరం నుంచి కూడా కనిపించవు. కొబ్బరితోటకి గాలివాటున, అంటే గాలి తోటని దాటి వచ్చే వైపున, ఎగరేయాల్సి వస్తే తోటకి కనీసం 100 మీటర్ల దూరం పాటించండి. చెట్ల వెనక గాలి సుడులు తిరుగుతుంది, దిగబోతున్న విమానాన్ని ఒక్కసారిగా కిందికి తోస్తుంది. తోట అవతలికి విమానం పోనీయకూడదు కూడా, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి పచ్చటి ఆకు పెద్ద అడ్డు.

రైతుని అడక్కుండా చేలో దిగొద్దు. ‘పొద్దున్నే ఓ గంట విమానం ఎగరేసుకుంటామండి’ అంటే మన వైపు కాదనేవాళ్లు తక్కువ, ‘గట్టు మాత్రం తొక్కకండి బాబూ’ అంటారు. చట్టం సంగతి: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో తరగతి, వ్యాపారానికి కాకపోతే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) ఎత్తు 400 అడుగులకి మించకూడదు, ఎయిర్‌పోర్టు సరిహద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులు. బయల్దేరే ముందు కేంద్ర ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చేను ఏ రంగులో ఉందో, రూల్స్ ఏమైనా మారాయో చూసుకోండి. రాజమండ్రిలో మధురపూడి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల, ధవళేశ్వరం బ్యారేజీ మీద, చమురు, గ్యాస్ బావుల దగ్గర ఎగరేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

ఒక కర్రకి రిబ్బను కట్టి గట్టు మీద గుచ్చండి. ఈ విమానం స్టాలయ్యేది, అంటే వేగం చాలక రెక్క మోయలేకపోయేది, గంటకి దాదాపు 29 కిలోమీటర్ల దగ్గర. గాలి 10 కిలోమీటర్లు దాటితే మెయిడెన్ వద్దు. 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత 15 డిగ్రీలప్పటి కంటే 8 శాతం తగ్గుతుంది, ప్రాప్ లాగుడూ తగ్గుతుంది, స్టాల్ వేగం 4 శాతం పెరుగుతుంది. పొద్దున్నే రమ్మనడానికి ఇదొక కారణం. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి.

చేతి నుంచి విసరడమే మేలు. కోత మిషన్ వదిలిన కొయ్యకాళ్ల మీద చక్రాలు పరిగెత్తవు, తట్టుకుని బోల్తా పడతాయి. చక్రాలు తీసేస్తే 40, 50 గ్రాముల బరువూ తగ్గుతుంది, అయితే సీజీ మళ్లీ చూడాలి. విసిరే మనిషి మీ ఎడమ పక్క, కాస్త ముందు, గాలికి ఎదురుగా నిలబడాలి. చెయ్యి బాడీ కింద, సీజీ దగ్గర. మీరు త్రాటిల్ ముప్పావు దాటించాక విమానం చేతిని ముందుకు లాగుతుంది. ఆ లాగుడు తెలిసేదాకా వదలకూడదు. మూడు నాలుగు అంగలు నడిచి, ఎదురుగా దూరంగా కనిపించే తాటిచెట్టు మొదలు వైపు తోసినట్టు, రెక్కలు సమంగా, ముక్కు నేలకి సమాంతరంగా వదలాలి. ఆకాశంలోకి రాయి విసిరినట్టు విసిరితే వేగం అందకముందే ముక్కు లేచి స్టాలవుతుంది. మొదటిసారి విసిరేవాళ్లు భయంతో చేసే తప్పు ఇదే, కాబట్టి మోటరు ఆపి ఉత్తుత్తిగా రెండుసార్లు చేయించండి.

వదిలిన మొదటి మూడు సెకన్లూ ఎలివేటర్ లాగాలనిపిస్తుంది. లాగొద్దు. రెక్కలు సమంగా ఉంచండి, చాలు, వేగం వస్తే అదే ఎక్కుతుంది. మెల్లగా ఎక్కి రెండున్నర కొబ్బరిచెట్ల ఎత్తుకి, అంటే దాదాపు 40 మీటర్లకి చేరాక త్రాటిల్ సగానికి తగ్గించి ట్రిమ్ మొదలుపెట్టండి. ఎడమకి వాలుతుంటే ఎయిలరాన్ ట్రిమ్ కుడికి రెండు క్లిక్కులు, చూసి మళ్లీ రెండు. ముక్కు లేస్తుంటే కిందికి. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు కిందికి వాలిన రెక్క ఎటుందో అటే స్టిక్ తోయండి, సమమవుతుంది.

ట్రిమ్ కుదిరాక అదే ఎత్తులో, మీకు ఎదురుగా, త్రాటిల్ పూర్తిగా తగ్గించి ఎలివేటర్ మెల్లగా లాగుతూ పోండి. ముక్కు నెమ్మదిగా వాలితే మంచి విమానం. ఒక రెక్క జారితే అది ఏ రెక్కో గుర్తుపెట్టుకోండి, దిగేటప్పుడు వేగం తక్కువగా ఉండగా ఆ వైపు మలుపు తిప్పకూడదు. త్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎగదన్ని, తగ్గించగానే బాగా దిగిపోతుంటే మోటరు డౌన్ థ్రస్ట్ (కిందికి వంపు) చాలలేదని. ఇంటికొచ్చి మౌంటు పైవరస స్క్రూల దగ్గర, మౌంటుకీ గోడకీ మధ్య, ఒక్కో వాషర్ వేయాలి.

పొరపాటున తోక బరువుతో గాల్లోకి వెళ్లారనుకోండి. త్రాటిల్ తగ్గించకండి, వేగమే కాపాడుతుంది. స్టిక్‌ని రెండు వేళ్లతో, గోరంత గోరంత. పెద్ద మలుపులు తిప్పి, కాస్త త్రాటిల్ ఉంచే దించండి, చివర్లో ముక్కు లేపొద్దు.

టైమర్ 5 నిమిషాలే పెట్టుకోండి, బ్యాటరీ ఇంకా ఉన్నా సరే. దిగడం గాలికి ఎదురుగానే. 60, 70 మీటర్ల దూరం నుంచి త్రాటిల్ పావుకి తగ్గించి వరసలోకి తెండి. ఎత్తుని త్రాటిల్‌తో, వేగాన్ని ఎలివేటర్‌తో సర్దండి. దూరం చాలదనిపిస్తే ఎలివేటర్ లాగి సాగదీయకుండా, త్రాటిల్ ఇచ్చి ఇంకో చుట్టు తిరగండి. నేలకి మీటరు ఎత్తులో త్రాటిల్ కట్. కొయ్యకాళ్లకి తగిలే ప్రాప్ ఆగి ఉంటే విరగదు.

చెరువులో పడితే దూకకండి. ఏరియేటర్ కరెంటు ఆపించాకే ఎవరైనా దిగాలి, అదీ చెరువు వాళ్లే. ఉప్పునీళ్లు తాగిన సర్వోలు, రిసీవర్ వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెడితే కొన్ని బతుకుతాయి. మునిగిన లైపోని మాత్రం ఇంట్లోకి తేకండి. కరెంటు తీగల మీద చిక్కుకుంటే దోటి గానీ వెదురు గెడ గానీ తీసుకెళ్లొద్దు, లైన్‌మన్‌కి చెప్పి లైను ఆపించాలి. చేలో పడితే పడిన వైపు ఏ చెట్టు కనిపిస్తోందో చూపు తిప్పకుండా గుర్తుపెట్టుకుని, త్రాటిల్ కట్ వేసి వెళ్లి, ముందు బ్యాటరీ పీకండి.

సవ్యంగా దిగితే మోటరు, ఈఎస్‌సీ, బ్యాటరీ మీద వేలు పెట్టి చూడండి, వేలు నిలవనంత వేడి ఉండకూడదు. సెల్ వోల్టేజి 3.7 పైన ఉండాలి. ట్రిమ్ ఎన్ని క్లిక్కులు పడిందో రాసుకుని, క్లెవిస్ (పుష్‌రాడ్ చివరి మర కొక్కెం) తిప్పి పుష్‌రాడ్ పొడవుతోనే అంత కదలిక తెచ్చి, ట్రిమ్‌ని సున్నాకి తెచ్చేయండి. రబ్బరు బ్యాండ్లు, ప్రాప్ నట్టు మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్క మార్పే. సీజీ, ట్రిమ్, థ్రస్ట్ మూడూ కలిపి మారిస్తే దేనివల్ల ఏం మారిందో తెలీదు. ఇదంతా అయ్యేసరికి ఏడున్నర అవుతుంది, గట్టు మీద రిబ్బను వైపు ఓసారి చూడండి. అది కర్రకి అంటుకుని ఉంటే ఇంకో బ్యాటరీ తగిలించొచ్చు. సాగి నిలబడితే రెండోది రేప్పొద్దున.